కలరా ఉండను తినే జన్యువులు

(తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాల సైన్సు విద్యార్థులకు ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం. చివర విద్యార్థుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు మీ అందరికీ తెలుసు. వాటిలో పాత రకం అచ్చంగా నాఫ్తలీన్. పది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, రెండు బెంజీన్ వలయాలు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. బీరువాలో అది ఆవిరైపోతుంది. అదే ఉండను తోటలో మట్టిలో పాతిపెడితే కొంత ఆవిరవుతుంది, మిగతాదాన్ని మట్టిలోని బాక్టీరియా తింటాయి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తింటాయి. అందులోని కార్బన్‌తో ఒళ్ళు పెంచుకుంటాయి, మిగిలినది కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. మనం పురుగుల్ని తరమడానికి వాడేది వాటికి అన్నం.

పనిలో పనిగా ఒక మాట. ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్ళ బట్టల్లో ఈ ఉండలు వెయ్యకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు వస్తాయి. ఈ సంగతి తెలియని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరన్నా ఇంటికెళ్ళి చెప్పండి.

సరే, అసలు విషయానికి వద్దాం. ఇలాంటివి తినే బాక్టీరియా పేరేమిటని అడిగితే పరీక్షలో సూడోమోనాస్ ప్యుటిడా అని రాస్తారు, మార్కులు వేస్తారు. నేనూ వేశాను. కానీ ఆ జవాబు సగమే. ఈ తినే విద్య చాలాచోట్ల ఆ బాక్టీరియా సొంత ఆస్తి కాదు. క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా, విడిగా గుండ్రంగా ఉండే ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ మీద ఆ జన్యువులుంటాయి. ఇవాళ ఒక బాక్టీరియాలో ఉంటాయి, రేపు పక్కదానిలో ఉంటాయి. కాబట్టి నేలలో ఏ బాక్టీరియా ఉందన్న దానికంటే ఆ నేలలో ఏ జన్యువులు తిరుగుతున్నాయన్నది ముఖ్యం. గంటసేపు నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు, ఈ పదార్థాలు మన ఊళ్ళో ఎక్కడున్నాయో చూద్దాం. పెట్రోలు బంకులో ముక్కుకు తగిలే వాసనలో బెంజీన్, టోలుయీన్, జైలీన్ ఉంటాయి. ఇప్పుడు మన దేశంలో అమ్మే బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాటకూడదు, అరోమాటిక్ హైడ్రోకార్బన్లు, అంటే బెంజీన్ వలయం ఉన్నవి, మొత్తం కలిపి 35 శాతం దాటకూడదు. అంటే మీరు బండికి అయిదు లీటర్లు పోయిస్తే అందులో లీటరు ముప్పావు దాకా ఇవే ఉండొచ్చు. పెయింటర్లు వాడే థిన్నర్‌లో టోలుయీన్ ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కే డీజిల్ బండి వదిలే మసిలో మూడు, నాలుగు, అయిదు వలయాలవి కూడా ఉంటాయి. బైపాస్ పక్కన లారీ మెకానిక్ షెడ్లలో నేల నల్లగా, తారు పూసినట్టు గట్టిపడి ఉంటుంది చూశారా? ఏళ్ళ తరబడి ఇంజనాయిలు మార్చి మార్చి వదిలితే అలా అవుతుంది. కొత్త ఇంజనాయిలు కంటే కాలిన ఇంజనాయిలులో ఈ బహువలయ పదార్థాలు చాలా ఎక్కువ. బెంజీన్, బెంజోపైరీన్ రెండూ మనిషికి క్యాన్సర్ తెచ్చేవిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలో పెట్టినవే.

ఈ వలయాన్ని తినడం ఎందుకు అంత కష్టం? చక్కెర అణువులో ఎంజైమ్ పట్టుకోవడానికి చుట్టూ ఆక్సిజన్లు ఉంటాయి. బెంజీన్‌లో పట్టు దొరకదు. ఆరు కార్బన్లూ ఎలక్ట్రాన్లను వలయమంతటా పంచుకుని కూర్చుంటాయి, ఆ పంపకం వల్ల దానికి మోల్‌కు సుమారు 36 కిలోకేలరీల అదనపు స్థిరత్వం వస్తుంది. దాన్ని కదిలించాలంటే ముందు ఖర్చు పెట్టాలి, తర్వాతే లాభం. ఆ ఖర్చు పెట్టే ఎంజైమ్ పేరు డయాక్సిజనేజ్. గాలిలోని ఆక్సిజన్ అణువును తీసుకుని, దాని రెండు పరమాణువులనూ వలయంలో పక్కపక్క కార్బన్ల మీద అతికిస్తుంది. దాంతో ఆ పంపకం చెడుతుంది, వలయం మెత్తబడుతుంది.

ఇది నమ్మడానికి శాస్త్రవేత్తలకే చాలాకాలం పట్టింది. జీవుల్లో పదార్థాలకు చేరే ఆక్సిజన్ నీటి నుంచే వస్తుందని ఒకప్పుడు గట్టిగా అనుకునేవాళ్ళు. 1955లో జపాన్‌కు చెందిన ఒసాము హయైషి బరువైన ఆక్సిజన్ ఐసోటోపు వాడి, కాటెకాల్‌ను (పక్కపక్కన రెండు ఓహెచ్‌లు ఉన్న బెంజీన్ వలయం) విప్పే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌నే నేరుగా అణువులో చేరుస్తోందని చూపించాడు. 1960ల చివర డేవిడ్ గిబ్సన్ బెంజీన్ మీదే ఇది జరుగుతుందని తేల్చాడు. కెమిస్ట్రీ వాళ్ళు గమనించండి: ఆ రెండు ఆక్సిజన్లూ వలయానికి ఒకే వైపు అతుక్కుంటాయి, అంటే సిస్ రూపం. మన కాలేయం ఇదే నాఫ్తలీన్‌ను ఎదుర్కొన్నప్పుడు ట్రాన్స్ రూపం, అంటే చెరోవైపు అతుక్కున్నది, వస్తుంది. బాక్టీరియా దారి వేరు, మన దారి వేరు.

పెట్రోలు బంకులు వచ్చి నూరేళ్ళు దాటిందేమో, ఈ జన్యువులు అంతకంటే ఎంతో ముందునుంచీ ఉన్నాయి. ఎందుకున్నాయంటే చెట్ల వల్ల. కలపలోని లిగ్నిన్ నిండా బెంజీన్ వలయాలే. టానిన్లలో అవే. ఎర్రచందనం చేవకు ఆ ఎరుపు ఇచ్చే శాంటలిన్లలో అవే. శేషాచలం అడవిలో ఏటా రాలే ఆకు, పుల్ల, బెరడు మట్టిలో కలవాలంటే ఎవరో ఒకరు ఆ వలయాలు విప్పాలి. భూమ్మీద సెల్యులోజ్ తర్వాత ఎక్కువగా ఉండే మొక్కల పదార్థం లిగ్నిన్. దాని ముక్కలు తినే పాత విద్యనే బాక్టీరియా కాస్త సవరించి పెట్రోలుకు వాడుకుంటున్నాయి.

ఇక ప్లాస్మిడ్ల దగ్గరికి వద్దాం. ప్లాస్మిడ్ అనే పేరు 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టాడు. మొదట్లో అందరి దృష్టీ యాంటీబయాటిక్ నిరోధక ప్లాస్మిడ్ల మీదే ఉండేది. తిండికి సంబంధించిన ప్లాస్మిడ్ల కథ అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గన్సలస్ అనే ఆయన ల్యాబ్‌లో ఊపందుకుంది. ఆ ల్యాబ్‌లో వాళ్ళు దేని మీద పనిచేసేవాళ్ళో తెలుసా? కర్పూరం మీద.

కర్పూరం గురించి తిరుపతిలో నేను వివరించక్కర్లేదు. హారతి కర్పూరం వెలిగిస్తాం, పచ్చకర్పూరం లడ్డూలో పడుతుంది, స్వామివారి నామానికీ అదే. కర్పూరం అణువులో బెంజీన్ వలయం లేదు, కాబట్టి పద్ధతి ప్రకారం మన ఇవాళ్టి జాబితాలోకి రాదు. కానీ సూడోమోనాస్ ప్యుటిడా కర్పూరాన్ని తినే జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉన్నాయని 1973లో ఆ ల్యాబే ప్రచురించింది. దానికి ముందు ఏడాది, అక్కడే పనిచేసిన మన బెంగాలీ ఆనంద మోహన్ చక్రవర్తి సాలిసిలేట్‌ను తినే ప్లాస్మిడ్ గురించి రాశాడు. 1973లోనే నాఫ్తలీన్ ప్లాస్మిడ్ సంగతి డన్, గన్సలస్ చెప్పారు. 1974లో వేల్స్‌లో పీటర్ విలియమ్స్, కీత్ మర్రే టోలుయీన్, జైలీన్ తినే ప్లాస్మిడ్‌కు ఆధారం చూపించారు. దాన్ని టాల్ ప్లాస్మిడ్ అంటాం. రెండు మూడేళ్ళలో ఇన్ని బయటపడ్డాయంటే అప్పటిదాకా ఎవరూ అక్కడ వెతకలేదని అర్థం.

నాఫ్తలీన్ ప్లాస్మిడ్‌ను కాస్త విప్పి చూద్దాం. పేరు నాహ్7. పొడవు సుమారు 82 వేల బేస్ జతలు, అంటే డీఎన్ఏ అక్షరాల జతలు. తినే జన్యువులు అందులో రెండు గుంపులుగా ఉన్నాయి. మొదటి గుంపు నాఫ్తలీన్‌ను సాలిసిలేట్ దాకా తెస్తుంది. రెండో గుంపు సాలిసిలేట్‌ను కాటెకాల్‌గా మార్చి, ఆ వలయాన్ని తెంచి, పైరువేట్, అసిటైల్ కోఎంజైమ్-ఏ అనే చిన్న అణువుల దాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి మీకు తెలిసిన క్రెబ్స్ చక్రమే, కణం తిండిలోంచి శక్తి తీసుకునే దారి. అంటే ఎంత వింత పదార్థమైనా చివరికి అన్నం తిన్నప్పుడు వచ్చే చోటికే వస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి స్విచ్చి. ఆ రెండు గుంపులనూ నాహ్‌ఆర్ అనే ఒకే ప్రోటీన్ నడుపుతుంది. అది దేన్ని చూసి స్విచ్చి వేస్తుంది? నాఫ్తలీన్‌ను చూసి వేస్తుందని మీరనుకుంటారు. కాదు, మధ్యలో వచ్చే సాలిసిలేట్‌ను చూసి వేస్తుంది. నాఫ్తలీన్ లేనప్పుడు కూడా ఈ ఎంజైములు అతి కొద్దిగా తయారవుతూనే ఉంటాయి. నాఫ్తలీన్ వచ్చిందంటే ఆ కొద్దిపాటి ఎంజైములే దాన్ని కాస్త సాలిసిలేట్‌గా మారుస్తాయి. ఆ సాలిసిలేట్ నాహ్‌ఆర్‌కు తగులుతుంది, రెండు గుంపులూ ఒక్కసారి జోరందుకుంటాయి. పై సగం పని నిజంగా జరుగుతోందని రుజువైతేనే కింది సగానికి పెట్టుబడి.

అదే ప్లాస్మిడ్ మీద నాహ్‌వై అనే ఇంకో జన్యువుంది. దాని పని తినడం కాదు, వెతకడం. అది ఉన్న బాక్టీరియా నాఫ్తలీన్ ఎటుందో పసిగట్టి అటు ఈదుతుంది. గ్రిమ్, హార్వుడ్ దీన్ని 1999లో చూపించారు. తిండి ఎటుందో చూపించే జన్యువు కూడా అదే ప్లాస్మిడ్ మీద దొరికింది!

సాలిసిలేట్ అన్నాను కదా, ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువు అది. మొక్కల్లో సాలిసిలిక్ ఆమ్లం తెగుళ్ళ మీద పోరాడమని చెప్పే సంకేతం. ఈ సంగతి గట్టిగా రుజువైంది ఎలాగో తెలుసా? సూడోమోనాస్ ప్యుటిడా నుంచి నాహ్‌జీ అనే జన్యువును తీసి పొగాకు మొక్కలో పెట్టారు. ఆ ఎంజైమ్ మొక్కలోని సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారైనది తయారైనట్టే కాటెకాల్‌గా మార్చేసింది. మొక్క తెగులుకు లొంగిపోయింది. 1993 నాటి పని అది. నాఫ్తలీన్ తినడానికి పుట్టిన జన్యువు మొక్కల రోగనిరోధకం గురించి ఒక పెద్ద తగవు తీర్చింది. మైక్రోబయాలజీ చదివితే ఉద్యోగాలేముంటాయని అడిగే మీ చుట్టాలకు ఇది చెప్పినా లాభం లేదనుకోండి.

దీన్ని మించిన కథ నీలిమందుది.

1983లో ఎన్స్‌లీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు కాలిఫోర్నియాలో నాహ్7 ప్లాస్మిడ్ ముక్కల్ని ఈ-కోలై బాక్టీరియాలో పెట్టారు. కొన్ని ప్లేట్ల మీద కాలనీలు నీలంగా వచ్చాయి. పరీక్ష చేసి చూస్తే అది ఇండిగో, అంటే అచ్చమైన నీలిమందు. ఏం జరిగిందంటే, ఈ-కోలై మామూలుగానే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఇండోల్ చేస్తుంది. ఇండోల్ ఆకారం నాఫ్తలీన్‌కు కాస్త దగ్గరగా ఉంటుంది. నాఫ్తలీన్ డయాక్సిజనేజ్ ఆ పోలికకు మోసపోయి ఇండోల్ మీద కూడా రెండు ఆక్సిజన్లు అతికించేసింది. ఆ పదార్థం నీటిని వదిలి ఇండాక్సిల్ అవుతుంది, గాలి తగిలి ఇండిగో అవుతుంది. నీలిమందు తొట్టిలోంచి తీసిన బట్ట గాలి తగలగానే నీలంగా మారడం శ్రీకాళహస్తి వైపు కలంకారీ పని చేసేవాళ్ళకు తెలుసు. చివరి మెట్టు అక్కడా ఇక్కడా ఒకటే.

ఇప్పుడు వెనక్కి వెళ్ళండి. కుంపిణీ కాలంలో కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాలు నీలిమందుకు పేరుపడ్డవి. చిత్తూరు ఆ ఉత్తర ఆర్కాడు జిల్లాకు కేంద్రంగా ఉండేది. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ ఇండిగోను బజారులోకి తెచ్చింది. కొన్నేళ్ళలోనే మన నీలిమందు సాగు పడిపోయింది. ఆ కంపెనీ ఏ ముడిసరుకుతో మొదలుపెట్టిందో ఊహించండి. బొగ్గుతారులోంచి తీసిన నాఫ్తలీన్‌తో! దాన్ని థాలిక్ ఆన్‌హైడ్రైడ్ చేసి, అక్కణ్ణుంచి ఆంథ్రానిలిక్ ఆమ్లం చేసి, చివరికి ఇండిగో చేశారు. మన నీలిమందు పొలాలను ఎండగట్టింది నాఫ్తలీన్. 86 ఏళ్ళ తర్వాత బాక్టీరియా చేత నీలిమందు చేయించింది నాఫ్తలీన్ తినే ఎంజైమ్. కెమిస్ట్రీలో రెండింటికీ సంబంధం లేదు, ఇక్కడ ముడిసరుకు నాఫ్తలీన్ కాదు, ఇండోల్. అయినా నాకు ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది.

టాల్ ప్లాస్మిడ్ దగ్గర ఇంకో రకం పాఠం ఉంది. అది సుమారు 117 వేల బేస్ జతల ప్లాస్మిడ్, జపాన్‌లో వేరుచేసిన ఎంటీ-2 అనే సూడోమోనాస్‌లో ఉంటుంది. పని ఇక్కడా రెండంచెల్లోనే. టోలుయీన్‌కు వేలాడే మిథైల్ కొసను బెంజోయేట్‌గా మార్చడం మొదటి అంచె, ఆ బెంజోయేట్‌ను కాటెకాల్ చేసి తెంచడం రెండోది. విచిత్రం ఏమిటంటే, ఆ బాక్టీరియాకు నేరుగా బెంజోయేటే తిండిగా పెడితే కొన్ని తరాల్లో ప్లాస్మిడ్ పోగొట్టుకున్నవే మిగులుతాయి. సాస్ సీసాల మీద సోడియం బెంజోయేట్ అని ఉంటుందే, అదే పదార్థం. బెంజోయేట్ తినడానికి క్రోమోజోమ్ మీద వేరే దారి ఉంది, అది ఇంకా వేగమైనది. ప్లాస్మిడ్ ఉన్నవి నెమ్మదిగా పెరుగుతాయి, లేనివి వాటిని దాటిపోతాయి.

పల్లెల్లో పెళ్ళి వంట పాత్రల సెట్టు చూశారు కదా. పెద్ద గుండిగలు, గంగాళాలు, గరిటెలు. ఏ ఇంటివాళ్ళూ వాటిని రోజూ వంటింట్లో పెట్టుకోరు, పెళ్ళొచ్చినప్పుడు సెట్టంతా ఒకేసారి ఆ ఇంటికి వెళ్తుంది. ప్లాస్మిడ్ అలాంటిది. ఒక తేడా ఉంది, ప్లాస్మిడ్‌ను పక్క కణానికి ఇచ్చినా ఇచ్చినదాని దగ్గర ఒక కాపీ మిగులుతుంది. టోలుయీన్ లేని చోట 117 వేల అక్షరాలను ప్రతి విభజనలోనూ కాపీ చేయడం దండగ ఖర్చు. టోలుయీన్ పడిన చోట అది లేకపోవడం ఆకలి.

ఇదంతా ల్యాబులోనేనా అంటే, కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో బొగ్గుతారు పడిన ఒక స్థలంలో మాడ్సెన్ బృందం రకరకాల బాక్టీరియాను వేరు చేసి చూసింది. బాక్టీరియా వేరు వేరు, వాటిలో నాఫ్తలీన్ డయాక్సిజనేజ్ జన్యువు మాత్రం దాదాపు ఒకటే. ఒకదాన్నుంచి ఒకదానికి చేతులు మారిందని 1997లో ప్రచురించారు.

చక్రవర్తి గురించి మీకు తెలుసు, జీవసాంకేతిక పాఠంలో ఉంటాడు. 1938లో బెంగాల్‌లోని సాయింథియాలో పుట్టాడు, గన్సలస్ ల్యాబ్ నుంచి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి వెళ్ళాడు. ఒక్కో హైడ్రోకార్బన్‌కు ఒక్కో ప్లాస్మిడ్ ఉంది, ముడిచమురులో అన్నీ కలిసి ఉంటాయి, అయితే ఒకే బాక్టీరియాలో అన్ని ప్లాస్మిడ్లూ పెడితే పోలా అనుకున్నాడు. దీనికి ఆయన జన్యువుల్ని కత్తిరించి అతికించలేదు. బాక్టీరియా మామూలుగా చేసుకునే సంయుగ్మంతోనే, అంటే ఒక కణం ఇంకో కణాన్ని తాకి డీఎన్ఏ ఇచ్చే పద్ధతితోనే, ప్లాస్మిడ్లను ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాడు. రెండు ప్లాస్మిడ్లు ఒకే కణంలో ఇమడకపోతే అతినీలలోహిత కిరణాలు కొట్టి వాటిని ఒకటి చేశాడు. 1972లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. పద్ధతికి పేటెంటు ఇస్తాం, బాక్టీరియాను గడ్డి మీద చల్లి వాడితే దానికీ ఇస్తాం, బాక్టీరియాకు మాత్రం ఇవ్వం అంది పేటెంటు ఆఫీసు. 1980 జూన్ 16న అమెరికా సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో ఇవ్వాల్సిందే అని తీర్పు చెప్పింది. ప్రపంచంలో బయోటెక్ వ్యాపారమంతా ఆ తీర్పు మీద నిలబడింది.

అయితే ఆ బాక్టీరియా సముద్రంలో ఒక్క చమురు తెట్టునూ శుభ్రం చెయ్యలేదు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ముక్క ఉండదు. నా అభిప్రాయం చెప్పమంటే, చక్రవర్తి తెలివిలో లోపం లేదు, సమస్య ఎక్కడుందన్న అంచనాలోనే లోపం. తినే జన్యువులు తక్కువై చమురు నిలవడం లేదు. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి దాదాపు 1.1 కోట్ల గాలన్ల చమురు ఒలికినప్పుడు తీరం మీద ఏం చల్లారు? బాక్టీరియా కాదు, ఎరువు. తినేవి అక్కడే ఉన్నాయి, చమురులో కార్బన్ కావలసినంత ఉంది, నైట్రోజన్, ఫాస్ఫరస్ లేవు. అవి ఇవ్వగానే పని వేగమైంది. జన్యుమార్పు చేసిన బాక్టీరియాను ఈ పనికోసం బయట నేలలోకి మొదటిసారి వదిలింది 1996లో, అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో. అది నాఫ్తలీన్ తగిలితే వెలుగు ఇచ్చే సూడోమోనాస్. దాన్ని కూడా తినడం కోసం కాదు, ఎక్కడ తింటోందో కనిపెట్టడం కోసం ఎక్కువగా వాడారు.

మనకు మూడు గంటల దూరంలో ఎన్నూరు దగ్గర 2017 జనవరి 28న రెండు నౌకలు ఢీకొన్నప్పుడు బంకలాంటి చమురును మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు. టీవీలో చూసినవాళ్ళు చాలామంది ఇంత సైన్సు ఉండి బకెట్లా అన్నారు. మొదటి రోజుల్లో బకెట్టే సరైనది. బాక్టీరియా వారాల, నెలల లెక్కలో పనిచేస్తాయి. గడ్డకట్టిన చమురు లోపలికి అవి వెళ్ళలేవు, పైపై నుంచే తింటాయి.

కరగడం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లీటరు నీటిలో నాఫ్తలీన్ 30 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. మూడు వలయాల ఫినాంత్రీన్ ఒక మిల్లీగ్రాము. అయిదు వలయాల బెంజోపైరీన్ మిల్లీగ్రాములో కొన్ని వెయ్యో వంతులు. బాక్టీరియా తినేది నీటిలో కరిగినదాన్నే. అందుకే పాతబడ్డ మెకానిక్ షెడ్డు మట్టిలో చిన్నవి ఎప్పుడో పోతాయి, పెద్ద వలయాలవి మట్టి రేణువులకు అంటుకుని ఉండిపోతాయి. జన్యువు ఉన్నా పదార్థం అందదు.

మరి అలాంటి మట్టిని ఏం చెయ్యాలి? మన ఎర్రనేలల్లో నైట్రోజన్ తక్కువ, ఎండాకాలం తేమ ఉండదు, లారీ టైర్ల కింద నేల రాయిలా బిగిసి గాలి ఆడదు. డయాక్సిజనేజ్‌కు ఆక్సిజన్ లేకపోతే పనే లేదని మొదట్లోనే చెప్పాను. కాబట్టి మట్టిని తవ్వి, గుల్ల చేసి, పేడ ఎరువు, కొంచెం యూరియా, సూపర్ ఫాస్ఫేట్ కలిపి, తడి ఆరకుండా చూస్తూ, మధ్యమధ్య తిరగెయ్యాలి. కింద ప్లాస్టిక్ షీటు పరవాలి, లేకపోతే వానకు భూగర్భజలంలోకి దిగుతుంది. సీసం, జింకు లాంటి లోహాలను మాత్రం ఏ బాక్టీరియా తినదు, అవి మట్టిలోనే ఉంటాయి. అసలు కాలిన ఆయిల్ నేల మీద పడకూడదు. 2016 నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలి. మన షెడ్లలో అది కాలువలో పడటం మీరూ చూశారు, నేనూ చూశాను.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేడమ్, చమురు తినే బాక్టీరియా అని ప్యాకెట్లలో అమ్ముతున్నారు. అవి దండగేనా?

అన్నీ దండగ అనను. మన దేశంలోనే టెరీ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే మిశ్రమాన్ని చమురు బురద మీద వాడారు. అది ఒకే బాక్టీరియా కాదు, కొన్ని రకాల గుంపు, పైగా వాటితోపాటు ఎరువులూ వేస్తారు. కొనేముందు రెండు అడగండి. బాక్టీరియా లేకుండా ఎరువు ఒక్కటే వేసిన మడిలో ఫలితం ఎంత? ఆ బాక్టీరియాను దేని మీద పెంచారు? చక్కెర మీదో, ఇంకో తేలిక తిండి మీదో తరాల తరబడి పెంచితే ప్లాస్మిడ్ ఉందో లేదో వాళ్ళకే తెలియకపోవచ్చు.

ప్రశ్న: మా నాన్న చెరకులో టూ-ఫోర్-డీ కలుపుమందు కొడతారు. దానిలోనూ బెంజీన్ వలయం ఉందన్నారు మా సార్. దాన్ని తినేవి ఉన్నాయా?

మీ సార్ చెప్పింది నిజం. వలయం మీద రెండు క్లోరిన్లు కూడా ఉంటాయి. దాన్ని తినే జన్యువులున్న పేరుమోసిన ప్లాస్మిడ్ పీజేపీ4, దాని మీద ఆస్ట్రేలియాలో డాన్, పెంబర్టన్ చేసిన పని 1981లో వచ్చింది. అందుకే ఆ మందు నేలలో ఏళ్ళ తరబడి నిలవదు. ఆ ప్లాస్మిడ్ మీదే పాదరసాన్ని తట్టుకునే జన్యువులు కూడా ఉన్నాయి. అలాగని మందు కొట్టేటప్పుడు మాస్కు, గ్లవుజులు అక్కర్లేదని మీ నాన్నతో చెప్పొద్దమ్మా. నేలలో కరిగేదానికీ ఒంటికి తగిలేదానికీ సంబంధం లేదు.

ప్రశ్న: ఈ ప్లాస్మిడ్లు చేతులు మారుతుంటే యాంటీబయాటిక్ నిరోధకత కూడా వాటితోపాటు వ్యాపిస్తుంది కదా మేడమ్?

వ్యాపించగలదు. టాల్ ప్లాస్మిడ్ ఏ కుటుంబానికి చెందిందో, అంటే ఐఎన్‌సీపీ-9 గుంపు, అదే గుంపులో యాంటీబయాటిక్ నిరోధక ప్లాస్మిడ్లూ ఉన్నాయి. చట్రం ఒకటే, మోసే సరుకు వేరు. పైగా టాల్ ప్లాస్మిడ్‌లో తినే జన్యువులు ట్రాన్స్‌పోజాన్ల మధ్య కూర్చుని ఉన్నాయి, అంటే ఆ ముక్క మాత్రమే లేచి ఇంకో ప్లాస్మిడ్ మీదికి దూకగలదు. అందుకే పొలంలోకి, చెరువులోకి బయటి బాక్టీరియాను టన్నులకొద్దీ వదిలేముందు దాని ప్లాస్మిడ్ల మీద ఇంకేం ఉన్నాయో పూర్తిగా చదవాలి. ఇప్పుడు సీక్వెన్సింగ్ చవకైంది, సాకు చెప్పడానికి లేదు.

ప్రశ్న: మేము ప్రాజెక్టుగా చెయ్యగలిగిన ప్రయోగం ఏదైనా చెప్పండి మేడమ్.

ఉంది. షెడ్డు పక్క మట్టి కొంచెం, అడవి అంచు మట్టి కొంచెం తీసుకోండి. లవణాలు మాత్రమే ఉండి కార్బన్ తిండి ఏదీ లేని అగర్ ప్లేటు మీద పలచన చేసి పరవండి. ప్లేటు తలకిందులు చేసి మూతలో నాఫ్తలీన్ పలుకులు కొన్ని వెయ్యండి, ఆవిరే వాటికి తిండి. నాఫ్తలీన్ లేకుండా ఇంకో ప్లేటు పెట్టండి, ఎందుకంటే అగర్‌లోని మలినాల మీద కూడా కొన్ని పెరుగుతాయి. కలరా ఉండ కొంటే ప్యాకెట్టు మీద చదవండి, ఇప్పుడు చాలావాటిలో పారాడైక్లోరోబెంజీన్ ఉంటుంది, అది పనికిరాదు. కాలనీలు వచ్చాక మూతలో ఇండోల్ పలుకులు పెట్టండి. డయాక్సిజనేజ్ ఉన్న కాలనీ నీలంగా మారుతుంది. ఇంకో ప్లేటు మీద కాటెకాల్ ద్రావణం చల్లితే, మెటా దారిలో, అంటే రెండు ఓహెచ్‌ల మధ్య కాకుండా వాటి పక్కన, వలయం తెంచే ఎంజైమ్ ఉన్నది కాసేపట్లో పసుపుపచ్చగా అవుతుంది. కాటెకాల్ చర్మానికి మంచిది కాదు, గ్లవుజులు వేసుకుని గాలి లాగే హుడ్ కింద చెయ్యండి. మట్టిలోంచి సూడోమోనాస్ ఎరుజినోసా కూడా రావచ్చు, అది మనుషుల్లో రోగం తెచ్చేది. కాబట్టి ఇంట్లో వద్దు, ల్యాబులోనే చెయ్యండి, పని అయిపోయాక ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో పెట్టి, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములన్నీ చంపాకే, బయట పడెయ్యండి.